పై పిడికెడు

మొన్న సాయంత్రం వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, మనవరాలు లెక్కల పుస్తకం పట్టుకొచ్చి నా ఎదుట చతికిలబడింది. దాని హోంవర్క్ ఒక చోట కూర్చుని చేసేది కాదు. గదిగదికీ తిరిగి ఇంట్లో ఉన్నవాళ్లందరినీ తలా ఒక ప్రశ్న అడిగి చేసేది. ఆ రోజు వంతు నాది. "నానమ్మా, ఇద్దరికి మూడు రొట్టెలైతే ఆరుగురికి ఎన్ని?" అంది. ఇది కూడా ఒక లెక్కేనా అనుకుని, చేతిలో కాయ కింద పెట్టకుండానే, "తొమ్మిది చెయ్యి, మీద ఇంకొకటి చెయ్యి" అన్నాను. అది నోట్లో పెట్టుకున్న పెన్సిల్ తీసి నా మొహంలోకి చూసింది. "తొమ్మిది కరెక్టే. మరి ఇంకొకటి ఎందుకు?"

నా చేయి ఆగిపోయింది. అరవై ఏళ్లు కావస్తోంది, ఇదే ప్రశ్న నన్ను ఒకావిడ నిండు వరండాలో నిలబెట్టి అడిగింది. అప్పుడు నా వయసు ఇప్పుడు దీని వయసే. అప్పుడూ నోరు పెగల్లేదు. జవాబు తెలియక కాదు, ఇంత తెలిసిన సంగతిని ఎవరైనా ఎందుకు అడుగుతారో అర్థం కాక. చిక్కుడుకాయలు కుక్కర్‌లోకి పోయాయి, పిల్ల తన లెక్క రాసుకుని వెళ్లిపోయింది గాని, ఆ ప్రశ్న మాత్రం రెండు రోజులుగా నా వెంటే తిరుగుతోంది. అందుకే ఇదంతా చెప్పుకోవడం.

మా ఊరు బోధన్‌కు రెండు కోసుల దూరం. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే ఊరు కాబట్టి ఎటు చూసినా చెరకే. చలి మొదలైందంటే చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మా ఇంటి దాకా వినిపించేది. సైరన్ కంటే ముందు చెరకు మడ్డి వాసన వచ్చేది, తీపీ కాదు, పులుపూ కాదు, తలుపులేసుకున్నా లోపలికి వచ్చి మంచం మీద కూర్చునే వాసన. ఇప్పటికీ ఎక్కడన్నా బెల్లం పాకం మాడితే నాకు ముందు గుర్తొచ్చేది వంట కాదు, బడి. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. బాపుకు కొంచెం పొలం, ఒక ఎడ్లబండి ఉండేవి. చెరకు నరికే రోజుల్లో బండి కట్టుకుని ఫ్యాక్టరీకి పోయేవాడు. అక్కడ బండ్ల వరుస ఊరి పొలిమేర దాకా సాగేది. ఆ వరుసలో పక్క బండి వాడితో బీడీ పంచుకుంటే చాలు, వాడు మా బాపుకు తమ్ముడైపోయేవాడు. ఆ తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేవాడు. "గీనెది నవీపేట్. పొద్దటిసంది ఏం తినలే" అని గుమ్మంలోంచే కేకేసేవాడు. మా అవ్వ విసుక్కోవడం నేను చూడలేదు. ఎందుకంటే ఆవిడ దగ్గర పై పిడికెడు ఉండేది.

అదేమిటో చెప్పాలి. బియ్యం మానికతో కొలిచి గిన్నెలో పోశాక, మా అవ్వ మళ్లీ గంపలో చేయి పెట్టి ఒక పిడికెడు తీసి మీద వేసేది. అదే పై పిడికెడు. దాన్ని కొలతలో చెప్పేవారు కాదు. "ఎంత పోసినవే?" అని బాపు అడిగితే "రెండు మానికలు" అనేదే గాని, పిడికెడు మాట ఎత్తేది కాదు. కాని వేయకుండా పొయ్యి ముట్టించేది కాదు. మా అవ్వే కాదు, మా వాడలో అందరూ అంతే. నలుగురికి వండినా అదే పిడికెడు, పెళ్లిలో ఊరంతటికీ వండినా, పెద్ద కాగులో మూటలకు మూటలు గుమ్మరించాక, పెద్దమనిషి ఒకామె వచ్చి అదే ఒక్క పిడికెడు మీద వేసిపోయేది. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, ఇదెందుకని. "కొలిసింది మనకు. గిది ఎవలో వస్తరు గద, ఆళ్లకు" అంది. ఎవరు వస్తారంటే, "నాకేం ఎరుక, వచ్చినంక తెలుస్తది" అంది. అంతకు మించి అడగాలని కూడా నాకు తోచలేదు. చెప్పు విడిచి లోపలికి రావడం ఎందుకని ఎవరన్నా అడుగుతారా?

మా ఊరి బడి ఐదో తరగతితో ముగిసిపోయేది. ఆరు చదవాలంటే బోధన్‌లో ఆడపిల్లల బడికి పోవాలి. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు అక్కడ కొద్దిగానే చోటుండేది కనుక, ఎండాకాలంలో ఒక చిన్న పరీక్ష పెట్టి చేర్చుకునేవారు. ఆ పరీక్ష సంగతి ఎత్తితే బాపు తేల్చి చెప్పేశాడు. "పరీచ్చల పాసైతె నేనే బండి మీద దించివస్త. కాకపోతె ఇంట్ల మీ అవ్వకు ఆసరయితవ్. మల్ల నన్ను బతిలాడొద్దు." ఇక ఆ ఇంట్లో నా బతుకు ఏ దారిన పోవాలన్నది ఆ పరీక్ష మీద పడింది. చదవడం, రాయడం నాకు బాగానే వచ్చేవి. కథ ఒకసారి వింటే చాలు, ఎవరు ఎక్కడ దగ్గారో కూడా వదలకుండా అప్పజెప్పేదాన్ని. నా మెడకు చుట్టుకున్నవి లెక్కలు. అందులోనూ కూడికలు, తీసివేతలు కాదు. ఐదో తరగతి చివర్లో వచ్చిన నిష్పత్తి, అనుపాతం.

మా సారుది కోస్తా. కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చిన ఆంధ్ర రైతులు పొలాల్లోనే ఇళ్లు కట్టుకుని ఉండేవారు, ఆ ఇళ్లను మేం క్యాంపు అనేవాళ్లం. ఆ క్యాంపులో ఎవరికో బావమరిది అయి మా ఊరికి వచ్చాడు. మంచివాడు. బెత్తం ఉండేది గాని అది గడియ పెట్టడానికి పనికొచ్చేది. ఒక్కటే చిక్కు, కోపం వస్తే మమ్మల్ని తిట్టకుండా పక్కకు తిరిగి గోడతో చెప్పుకునేవాడు. తిడితే ఒక పూటలో మరిచిపోతాం. గోడతో మన గురించి చెప్తుంటే వింటూ నిలబడడం మహా కష్టం.

మొదటి రోజు బోర్డు మీద రెండు, మూడు వేసి మధ్యలో చుక్కలు పెట్టాడు, తర్వాత నాలుగు చుక్కలు పెట్టాడు, ఆ పక్కన నాలుగు, ఆరు వేశాడు. నాకు అంకెలు కనపడలేదు, చుక్కలే కనపడ్డాయి. తెల్లారి లేస్తే వాకిట్లో చుక్కలు పెట్టి కలిపే పిల్లను, నాలుగు చుక్కలు ఊరికే వదిలేస్తే చేయి ఊరుకుంటుందా? పలక మీద వాటిని కలిపేసి ఒక తిప్పు కూడా తిప్పాను. సారు వచ్చి చూసి గోడ వైపు తిరిగాడు. "నేనిక్కడ అనుపాతం చెబుతుంటే ఈవిడగారు ముగ్గేస్తోందయ్యా" అన్నాడు. తరగతంతా నవ్వింది. ముగ్గు చెరిపేశాను గాని, ఆ చుక్కలంటే అప్పుడు పుట్టిన బెరుకు చెరగలేదు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. "ఇటు ఎంత పెరిగితే అటూ అంతే పెరగాలి. అదే అనుపాతం" అని చెప్పాడు సారు. రెండుకు మూడైతే నాలుగుకు ఎంత అని నన్ను లేపాడు. రెండు నాలుగైంది, అంటే రెండు పెరిగింది. కాబట్టి మూడుకూ రెండు పెరగాలి. "ఐదు సార్" అన్నాను. ఇంతకన్నా న్యాయమైన లెక్క నాకు ఇప్పటికీ కనపడదు, ఇద్దరు పిల్లలకు చెరో రెండు జామపండ్లు ఇచ్చినట్టు.

"ఐదు కాదమ్మా, ఆరు."

"ఎందుకు సార్?"

"రెండు రెట్లయింది కాబట్టి."

"రెండే పెరిగింది గద సార్?"

"రెట్లమ్మా, రెట్లు!"

"మరి ఇటెంత పెరిగితె అటంతే అన్నరు గద సార్?"

సారు "విన్నావా? నేనన్న మాటే నాకు అప్పజెబుతోంది" అని గోడకు చెప్పాడు. నేను తప్పేమన్నానో గోడకు తెలిసిందేమో, నాకు తెలియలేదు. నా పక్కన కూర్చునే క్యాంపు పిల్ల మాత్రం టకటకా చేసేసేది. దానిది కూడా నా పరీక్షే, ఆ బోధన్ బడే. ఎట్లా చేస్తావే అంటే, "నువ్వేం ఆలోచించకు. అడ్డంగా గుణించేసి, మిగిలినదాంతో భాగించెయ్యి. అంతే" అంది. ఎందుకు అంటే, "ఏమో, మా నాన్నగారు చెప్పారు" అంది. దానికీ తెలియదు! తెలియకుండానే దానివన్నీ ఒప్పులు, తెలుసుకుందామని చూసే నావన్నీ తప్పులు. ఆ ఎండాకాలం నేను ఆ పిల్ల మీద పడ్డ కుళ్లు ఇంతా అంతా కాదు. కాలువ గట్టు మీద బర్రెలు కాస్తూ పుల్లతో మట్టిలో రెండు, మూడు, నాలుగు, ఐదు వేసేదాన్ని, కాలితో చెరిపేదాన్ని, మళ్లీ వేసేదాన్ని. మళ్లీ ఐదే వచ్చేది. ఏడుపు వచ్చేది. బర్రెలు ఎవరి చేలోనో పడేవి. ఆ తిట్లు వేరే.

ఒక పొద్దున మా అవ్వ కిచిడీకి ఎసరు పెడుతూ నా మొహం చూసింది. "ఏందే, మొకం గట్ల వెట్టుకున్నవ్? ఎవలన్న కొట్టిండ్రా?" ఎవరూ కొట్టలేదని, లెక్క కొడుతోందని మొత్తం చెప్పాను, రెండు, మూడు, పెరగడం, రెట్లు, అన్నీ. ఆవిడ సగం విని, "నాకు గవేం తెలుస్తయే. గా పప్పు తీసుకరా పో. ఇయ్యాల బండ్లోళ్లున్నరు, ఆరు మానికలు పోస్తున్న" అంది. మా ఇంట్లో కిచిడీకి మూడు మానికల బియ్యానికి ఒక మానిక పప్పు. నేను పప్పు పోసుంచే మట్టి గురిగి దగ్గరికి పోయి, ఏమీ ఆలోచించకుండానే రెండు మానికలు కొలుచుకుని వచ్చాను. గిన్నెలో పోస్తుంటే తట్టింది. బియ్యం మూడు పెరిగింది. సారు ముందైతే పప్పుకూ మూడు పెంచి నాలుగు అనేదాన్ని. నాలుగు పోస్తే అది కిచిడీ అవుతుందా? పప్పు ముద్ద అవుతుంది. ఎంత వండినా రుచి నిన్నటిలాగే ఉండాలి, బియ్యం రెండింతలైతే పప్పూ రెండింతలే, అదే రెట్లు! మానిక అక్కడే పడేసి పలక కోసం పరుగెత్తాను. వెనక నుంచి అవ్వ, "మానిక కాళ్ల కాడ వారేస్తరానే, తొక్కుతరు!" అని అరుస్తూనే ఉంది. రెండుకు మూడు, నాలుగుకు ఆరు. వచ్చింది. ఇంకోటి వేశాను, వచ్చింది. మళ్లీ వంటింట్లోకి వచ్చేసరికి మా అవ్వ గంపలో చేయి పెట్టి పై పిడికెడు తీసి గిన్నెలో వేస్తోంది. రోజూ చూసేదే కాబట్టి చూసినట్టు కూడా అనిపించలేదు.

అప్పటి నుంచి బడిలో నా లెక్కలన్నీ సరిగ్గా వచ్చాయి. గట్ల మీద కూలీలు, గజాల్లో బట్ట, ఫ్యాక్టరీకి బండ్లు, సారు ఏది ఇచ్చినా రుచి తలుచుకుని చేసేదాన్ని. సారు గోడకు ఆ శుభవార్త కూడా చెప్పాడు. "దారిలో పడిందయ్యా." కాని నా కర్మ చూడండి, ఆ నెల రోజుల్లో ఆయన ఒక్కసారైనా బియ్యం లెక్క ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే అక్కడే బయటపడేది.

పరీక్ష రోజు బాపు ఎడ్ల కొమ్ములకు నూనె రాసి బండి కట్టాడు. క్యాంపు పిల్ల వాళ్ల నాన్న సైకిల్ మీద వచ్చింది. బోధన్ బడి వరండాలో మమ్మల్ని దూరం దూరంగా కూర్చోబెట్టారు. కొంచెం డిక్టేషన్, రెండు లెక్కలు. రెండు లెక్కలూ ఒప్పైతేనే చేర్చుకుంటామని ముందే చెప్పారు. మొదటిది చెరకు బండ్లది, నా చేతికి అలవాటైనదే. రెండోది, పది మంది భోజనానికి రెండు కిలోల బియ్యమైతే యాభై మందికి ఎన్ని కిలోలని. నాకు నవ్వొచ్చింది. సిరా చుక్క పడకుండా, గుండ్రంగా రాశాను: పది కిలోలు, మీద పిడికెడు. చుట్టూ ఉన్న పిల్లలను చూస్తే జాలి కూడా వేసింది. హడావుడిలో పిడికెడు మరిచిపోతారేమోనని.

ఆ బడి పెద్ద టీచరమ్మ బోధన్‌లో తరతరాలుగా ఉన్న ముస్లిం ఇంటావిడ. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. కాగితాలు అప్పటికప్పుడే దిద్దుతూ నా కాగితం దగ్గర ఆగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. నన్ను పిలిచి నిలబెట్టి, "అచ్చా, పది కిలోలు ఠీక్. ఈ పిడికెడు ఎందుకమ్మా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఆవిడ ఇంట్లో బియ్యం ఎట్లా కొలుస్తారో అనుకున్నాను. అంతలో వెనక ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత వరండా అంతా నవ్వింది. చేరినవాళ్ల పేర్లు చదివారు. క్యాంపు పిల్ల పేరుంది. నాది లేదు.

బయట బాపు ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. "ఏమాయె బిడ్డా?" అన్నాడు. "పిడికెడు కాడ తప్పు పోయింది బాపు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, కాని తప్పు అన్న మాట అర్థమైంది. ఎడ్లను కట్టి బండి తోలాడు. ఇంటికి వచ్చాక సంగతి విని మాట్లాడింది మా అవ్వ. మాట్లాడడం అంటే, వాడంతా వినపడేట్టు. "పిడికెడెయ్యకుంట ఎవలన్న వండుతరా? గదెట్ల తప్పయితది? నడువు, నేనడుగుత!" మర్నాడు నన్ను రెక్క పట్టుకుని రెండు కోసులూ నడిపించింది. నాకు లోపల సిగ్గు, పైన ఎండ, అయినా ఎక్కడో చిన్న ఆశ.

టీచరమ్మ మా అవ్వను కుర్చీలో కూర్చోమంది. అవ్వ కూర్చోలేదు. "అమ్మా, మీరు సదువుకున్నోళ్లు. గని గిదొక్కటి జెప్పుండ్రి. యాభై మందికి వండితె, యాభై ఒకటో మనిషి రాకుంట ఉంటడా?"

టీచరమ్మ నవ్వలేదు. "వస్తడు బహెన్. నా ఇంటికి గూడ రోజూ వస్తడు" అంది. "లేకిన్, లెక్కల రాడు."

"మరి గా మనిషి ఏం తినాలె?"

"అది ఇంటి సంగతి. ఇది పరీక్ష. నేను నీ బిడ్డ ఒక్కదానికి ఒప్పు వేస్తే, తప్పు రాసిన ఇంకొక బిడ్డ తల్లి రేపొచ్చి నిలబడ్తది. పిల్ల హుషారుంది. వచ్చే ఏడు తీసుకరా, చేర్చుకుంట."

మా అవ్వ నా రెక్క పట్టుకుని బయటికి నడిచింది. టీచరమ్మ తప్పు చెప్పలేదు, మా అవ్వ తప్పు చెప్పలేదు. సారు కూడా తప్పు చెప్పలేదు. అందరూ ఒప్పే చెప్పిన చోట నేనొక్కదాన్నే తప్పైపోయి నిలబడ్డాను. కోపం చూపించడానికి ఒక్క మనిషి దొరికి ఉన్నా నాకు కొంత తేలికయ్యేది. వాపసు వచ్చేటప్పుడు మా అవ్వ దారి పొడుగునా తిడుతూనే ఉంది, ఎవర్నీ కాదు, ఎండను.

బాపు ముందు చెప్పిన మాట మరిచి, కొంచెం మెత్తబడ్డాడు. నా తల నిమిరి, "ఒక్క ఏడే గద బిడ్డా. మల్లొచ్చే ఎండకాలం పోదువు తియ్" అన్నాడు. నేను నమ్మాను. ఆయన కూడా అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ ఏడు వానాకాలంలో చెల్లెలు పుట్టింది, అవ్వ చాలా రోజులు లేవలేకపోయింది. మానిక నా చేతికి వచ్చింది. చలికాలంలో బండ్లోళ్లు వచ్చారు, కిచిడీ నేనే వండాను. పొద్దున్నే క్యాంపు పిల్ల సంచీ తగిలించుకుని మా వాకిలి ముందు నుంచి బోధన్ బస్సుకు పోయేది. మొదట్లో నన్ను చూసి చేయి ఊపేది. తర్వాత ఇంకో పిల్లతో ఏదో ఇంగ్లీషు పాఠం అప్పజెప్పుకుంటూ పోయేది. నేను చేట అడ్డం పెట్టుకునేదాన్ని. మళ్లీ ఎండాకాలం వచ్చింది. సారు దారిలో కనబడి, "ఏమ్మా, ఈసారి రాస్తున్నావా?" అని అడిగాడు, గోడను కాదు, నన్నే. బాపును అడిగితే, పాలు తాగే చెల్లెలి వైపు చూసి, "ఇంకొక్క ఏడు చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత నేనూ అడగడం మానేశాను. అడిగితే ఆయన మొహం ఎట్లా అవుతుందో నాకు తెలుసు.

మొన్నటి ప్రశ్నకు జవాబుగా ఇవాళ మనవరాలికి ఇదంతా చెప్పాను. వింటూ వింటూ అది వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. "నానమ్మా, అప్పుడు పిడికెడు తప్పు కాదు. పది మందికి ఒక పిడికెడైతే యాభై మందికి ఐదు పిడికిళ్లు రాయాలి. అప్పుడు ఈక్వల్ అయ్యేది" అంది. చెప్పేసి పుస్తకం మూసుకుని టీవీ దగ్గరికి పోయింది. నేను పీట మీదే కూర్చుండిపోయాను. నిజమే. గిన్నె పెద్దదైతే పిడికెడూ పెద్దది కావాలి. పిల్లలాడుకుంటూ చెప్పేసే ఈ ఒక్క మాట నాకు ఆనాడు గోడ చెప్పలేదు, సారు చెప్పలేదు, టీచరమ్మ చెప్పలేదు. మా అవ్వ సరే సరి, నాలుగు మానికల మీదా, పెళ్లి కాగు మీదా అదే ఒక్క పిడికెడు వేసిన మనిషి.

బాపు లెక్క కూడా అంతే. ఒక్క ఏడే గద అన్నాడు. ఆయనకు అప్పుడు నలభై దాటాయి. అన్నేళ్ల గిన్నెలో ఏడాది ఒక పిడికెడు. వేసినా తెలియదు, తీసినా తెలియదు. నాకిప్పుడు డెబ్బై నిండాయి, ఏడాది ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో నాకూ తెలియడం లేదు. కాని ఆ ఎండాకాలం నావి పదకొండే ఏళ్లు. అంత చిన్న గిన్నెలోంచి ఆ ఏడాదిని ఆయన తన పిడికిలితో తీశాడు.